ఆంపియర్ల భయం, వోల్టేజి నిర్లక్ష్యం

అడాప్టరు మీద 5 వోల్టులు, 3 ఆంపియర్లు అని ఉంటే ఆ 3 ఆంపియర్లూ బోర్డులోకి దూసుకొచ్చి దాన్ని కాల్చేస్తాయన్నది హాబీ ఎలక్ట్రానిక్స్‌లోకి కొత్తగా వచ్చినవారిని పట్టుకుని వదలని అపోహ. దీనివల్ల జరిగే నష్టం కళ్లకు కనిపిస్తూనే ఉంది. ఆంపియర్లు తక్కువుంటే క్షేమమన్న నమ్మకంతో ఆ అడాప్టరును పక్కన పెట్టి, 12 వోల్టులు 1 ఆంపియరుది తెచ్చి ఆర్డుయినో ఉనో బోర్డులోని 5 వోల్టుల పిన్నుకు కలుపుతారు. ఆ పిన్నుకు ఇచ్చిన వోల్టేజి రెగ్యులేటరు గుండా పోదు, తిన్నగా చిప్‌కు చేరుతుంది. ఆ ఏటీమెగా 328పీ చిప్‌కు తయారీదారు పెట్టిన గరిష్ఠ హద్దు 6 వోల్టులు. చిప్ పోయిన తర్వాత కూడా నింద ఆంపియర్ల మీదే పడుతుంది!

అడాప్టరు మీది రెండు అంకెలూ ఒక రకానివి కావు. వోల్టేజి అడాప్టరు ఇచ్చేది. ఆంపియర్లు అది ఇవ్వగలిగిన గరిష్ఠ పరిమితి. అందులో ఎంత తీసుకోవాలన్నది బోర్డు ఇష్టం. జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ప్రచురించిన సూత్రం ప్రకారం కరెంటు అంటే వోల్టేజిని నిరోధంతో భాగిస్తే వచ్చేది. అడాప్టరు సామర్థ్యానికి ఇందులో చోటే లేదు. 5 వోల్టులకు 100 ఓముల రెసిస్టరు కలిపితే పారేది 50 మిల్లీఆంపియర్లే, అడాప్టరు 1 ఆంపియరుదైనా 10 ఆంపియర్లదైనా. దీనికి రుజువు ప్రతి ఇంట్లోనూ ఉంది. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. అదే సాకెట్‌లో 60 వాట్ల పాతరకం బల్బు పెడితే పావు ఆంపియరు తీసుకుని మామూలుగా వెలుగుతుంది, మాడిపోదు.

నిజానికి భయపడాల్సింది ఆంపియర్లు చాలనప్పుడు. ఈఎస్‌పీ32 బోర్డు వైఫై సిగ్నల్ పంపే క్షణంలో కొన్ని వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది. చిన్న అడాప్టరు, సన్నని కేబులు అయితే ఆ క్షణంలో వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. తప్పు ప్రోగ్రాములో ఉందనుకుని రాత్రంతా కోడ్ తిరగరాస్తూ కూర్చుంటారు. రాస్‌బెర్రీ పై 4కు 5 వోల్టులు 3 ఆంపియర్ల సరఫరా కావాలని తయారీదారులే చెబుతున్నా, 1 ఆంపియరు ఫోన్ చార్జరు పెట్టి తెర మీద మెరుపు గుర్తు ఎందుకొస్తోందని అడిగేవారున్నారు. వోల్టేజి సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు, ప్లస్ మైనస్‌లు తారుమారు కాకూడదు. అడాప్టరు కొనేటప్పుడు చూడాల్సినవి ఈ మూడే.

ఈ అపోహ నుంచే ఇంకో ప్రమాదం పుడుతుంది. చవక మల్టీమీటరుకు కింద మూడు రంధ్రాలుంటాయి. నల్ల ప్రోబుది ఒకటి, వోల్టులు, ఓములు కొలిచేందుకు ఎర్ర ప్రోబు పెట్టేది ఒకటి, 10 ఆంపియర్లది ఇంకొకటి. చాలా మీటర్ల మీద ఈ చివరిదాని పక్కన ఫ్యూజు లేదని రాసే ఉంటుంది. అడాప్టరు ఎన్ని ఆంపియర్లు ఇస్తోందో చూద్దామని ఎర్ర ప్రోబు అందులో పెట్టి ప్లస్, మైనస్‌లకు తాకిస్తారు. మీటరు లోపల ఆ దారిలో ఉన్నది దాదాపు నిరోధమే లేని మందపాటి తీగ ముక్క. అంటే అది కొలత కాదు, షార్ట్. లిథియం సెల్‌కు ఇలా చేస్తే పదుల ఆంపియర్లు పారి ప్రోబు తీగలు వేడెక్కుతాయి, సెల్ అంటుకునే ప్రమాదమూ ఉంది. కరెంటు కొలవాలంటే సర్క్యూట్‌ను ఒకచోట తెంచి, ఆ మధ్యలో మీటరు పెట్టాలి.

అపోహకు మూలం మాత్రం పూర్తిగా కల్పన కాదని ఒప్పుకోవాలి. లోపల ట్రాన్స్‌ఫార్మరున్న పాత బరువు అడాప్టర్లలో చాలావాటికి రెగ్యులేటరు ఉండదు. వాటి మీద రాసిన వోల్టేజి పూర్తి లోడు ఉన్నప్పటిది. 12 వోల్టులు అని ఉన్నది తక్కువ కరెంటు తీసుకునే సర్క్యూట్‌కు 16 వోల్టులు కూడా ఇవ్వగలదు. పెద్ద అడాప్టరు పెడితే రేడియో పోయిందన్న అనుభవాలు ఇలా నిజమే అయి ఉండవచ్చు. అయితే అక్కడ కూడా కాల్చింది పెరిగిన వోల్టేజే. పాత అడాప్టరును దేనికైనా కలిపే ముందు మల్టీమీటరుతో వోల్టేజి చూడటం తప్పనిసరి.

మిగిలినవి చిన్న అపోహలు. రెసిస్టరు ఎల్‌ఈడీకి ముందే ఉండాలన్నది తప్పు, సిరీస్‌లో ఎటుపక్కనున్నా పారే కరెంటు ఒకటే. అసలు రెసిస్టరే అక్కర్లేదన్నది అంతకంటే తప్పు: 5 వోల్టుల్లో ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు పోగా మిగిలిన 3 వోల్టులకు 220 ఓములు పెడితే దాదాపు 14 మిల్లీఆంపియర్లు, అది చాలు. 10,000 మిల్లీఆంపియర్ అవర్ల పవర్‌బ్యాంకు 5 వోల్టుల దగ్గర అంత ఇవ్వదు, ఆ లెక్క లోపలి 3.7 వోల్టుల సెల్‌ది.

చంపేది కరెంటే, వోల్టేజి కాదన్న మాట అన్నిటికంటే ప్రమాదకరం. ఒంట్లోకి కరెంటును నడిపించేది వోల్టేజే. తడి చేతులతో ఒంటి నిరోధం 1,000 ఓములకు దిగితే 230 వోల్టులు 230 మిల్లీఆంపియర్లను నడిపిస్తాయి. ప్రాణ రక్షణకు ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే ట్రిప్ అవుతుంది. కొత్తగా నేర్చుకునేవారు బ్యాటరీలతో, మంచి అడాప్టర్లతోనే ప్రయోగాలు చేయాలి. 230 వోల్టుల వైపు ఏ పెట్టెనూ విప్పకూడదు.