కొర్రమీనుకు పుండు పడితే ఎవరిని పిలవాలి?

సంక్రాంతి దగ్గరపడే కొద్దీ ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల చెరువుల మీద మంచు దట్టంగా దిగుతుంది. నీళ్లు చల్లబడతాయి. కొర్రమీను ఒంటి మీద ఎర్ర మచ్చ కనబడేది సరిగ్గా ఈ రోజుల్లోనే. మొదట పొలుసు కింద చిన్న మరక. తర్వాత పొలుసు ఊడుతుంది, మరక పుండవుతుంది, పుండు కండను తినేస్తూ ఎముక దాకా పోతుంది. కొర్రమీను మొండి ప్రాణం. నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా పైకి వచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది. అందుకే పుండుతోనే రోజుల తరబడి తుంగలో, గట్టు వార, కదలకుండా తేలుతూ ఉంటుంది. ఆ చేపను సంతకు తెచ్చినా కొనేవాళ్లుండరు.

తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో ఉబ్బసం ఉన్నవాళ్ల చేత మింగించేదీ కొర్రమీను పిల్లనే. మనుషుల రోగాల విషయంలో ఇంత పేరున్న చేపకు తానే రోగాన పడితే దిక్కెవరో చర్ల, దుమ్ముగూడెం వైపు పల్లెల్లో అడిగి చూడండి. గేదెకైతే 1962కు ఫోన్ చేస్తారు. 2017 నుంచి సంచార పశువైద్య వాహనాలు ఊళ్లు తిరుగుతున్నాయి. చేప అనేసరికి చాలామందికి గుర్తొచ్చేది పురుగుమందుల దుకాణం. ఈ పద్ధతి మారాలి. అదీ అడవి అంచు నుంచే మారాలి.

ఆ పుండ్ల రోగాన్ని శాస్త్రవేత్తలు ఎపిజూటిక్ అల్సరేటివ్ సిండ్రోమ్ అంటారు, పొట్టిగా ఈయూఎస్. 1971లో జపాన్‌లో, మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో బయటపడింది. ఆగ్నేయాసియా వరి పొలాలను, కాలువలను దాటుకుంటూ 1988లో మన ఈశాన్య రాష్ట్రాల్లో అడుగుపెట్టింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే దేశమంతా పాకింది. 2006, 2007 నాటికి ఆఫ్రికాలో జాంబెజి నదీ తీరపు జాలరులు కూడా పుండ్లు పడ్డ చేపలను వలల్లోంచి ఏరి పారేయాల్సి వచ్చింది. కారకం అఫానోమైసిస్ ఇన్వడాన్స్ అనే నీటి బూజు. దాని బీజాలు నీళ్లలో ఈదుతూ వచ్చి, చేప ఒంటి మీద ఎక్కడ జిగట చెదిరిందో, ఎక్కడ గీరుకుందో అక్కడ అతుక్కుంటాయి. అక్కణ్నుంచి దారాలుగా కండలోకి దిగుతాయి. పుండు పడ్డాక బ్యాక్టీరియా చేరి పని ముగిస్తుంది. ఇది మనుషులకు అంటేది కాదు. అయినా పుండ్ల చేపల వార్త పొక్కితే చాలు, రోగం లేని చేపకు కూడా బేరం పడిపోతుంది. బొచ్చె పట్టినవాడూ నష్టపోతాడు, ఏ రోగమూ లేని జెల్లలు పట్టినవాడూ నష్టపోతాడు.

అడవి అంచు చెరువుల గురించి ప్రత్యేకంగా ఆలోచించాల్సింది ఇక్కడే. ఈ బూజుకు చల్లదనంతో పాటు క్షారత్వం తక్కువైన నీళ్లు అనుకూలం. వాన నీటిలో క్షారత్వం ఎటూ తక్కువే. గుట్టల మీంచి జారి, ఆకులు కుళ్లిన నేల మీదుగా కుంటలోకి చేరిన నీళ్లను సున్నంతో సరిచేయకపోతే శీతాకాలానికి రోగానికి దారి సిద్ధమైనట్టే. వాటికి వరద తోడవుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత ఎత్తు వరద అదే. అలాంటి ఏడాది నదికి, వాగుకు, చెరువుకు మధ్య గట్టు ఉండదు. పెంచిన చేప నదిలోకి పోతుంది. నదిలోని పరకలు, వాలుగలు, వాటితో పాటు వాటి రోగాలు చెరువులోకి వస్తాయి. నష్టం లెక్కలు రాసుకునేటప్పుడు పోయిన చేపల విలువ రాస్తారు. లోపలికి వచ్చిన రోగం ఎవరి లెక్కలోకీ రాదు. అది నవంబరు దాటాక బయటపడుతుంది.

ఈయూఎస్‌కు మందు లేకపోలేదు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ, అంటే సీఫా, దీనికోసమే సీఫాక్స్ అనే ద్రావణాన్ని తయారుచేసింది. హెక్టారు విస్తీర్ణంలో మీటరు లోతు నీటికి ఒక లీటరు చొప్పున కలపాలి. ఎకరం రెండెకరాల సొంత చెరువున్న రైతుకు ఇది అందే వైద్యం. కానీ ఈ ప్రాంతంలో చేపల వేట ఎక్కువగా సాగేది ఊరుమ్మడి చెరువుల్లో, పెద్ద జలాశయాల్లో. కూసుమంచి మండలంలోని పాలేరునే తీసుకోండి. నిండితే సుమారు రెండున్నర టీఎంసీలు. పై మోతాదు ప్రకారం ఏడు వేల లీటర్ల మందు కావాలి. అది నిలవ నీరు కూడా కాదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వస్తూ పోతూ ఉంటాయి, వాటినే పొలాలకూ తాగడానికీ వాడుకుంటాం. మందు పోసే మాటే ఉండదు. పాల్వంచ దగ్గర కిన్నెరసాని దానికి మూడింతలకు పైనే, పైగా మొసళ్లున్న అభయారణ్యం. ఇలాంటి చోట్ల చేపకు చేసే వైద్యమంతా అది నీళ్లలో పడకముందే జరగాలి. పడ్డాక మిగిలేది కనిపెట్టి చూడడమే.

ఆ ముందు జాగ్రత్తల్లో సగం ఈ నేలకు కొత్తవి కావు. వేసవిలో ఎండిపోయే కుంట ఒక వరం. అడుగు మట్టి పగుళ్లిచ్చేదాకా ఎండితే పరాన్నజీవుల గుడ్లు చాలావరకు చస్తాయి, ఖర్చేమీ లేదు. పూర్తిగా ఎండని మడుగుల్లో పాత చేపలు మిగిలి ఉంటే ఇప్ప చెక్క వాడతారు. హెక్టారులో మీటరు లోతుకు రెండున్నర వేల కిలోలు సాధారణ మోతాదు, మడుగు చిన్నదైతే ఆ మేరకు తగ్గుతుంది. ఇప్పగింజల్లోని విషం రెండు మూడు వారాల్లో విరిగిపోతుంది, చెక్క ఎరువుగా మిగులుతుంది. ఇప్పచెట్టును కంటికి రెప్పలా చూసుకునే కోయ గూడేల పక్కన దీనికి కొరత రాకూడదు. అయితే పారే వాగులో, ఎండాకాలపు గుండాల్లో చేపలకు మత్తెక్కించడానికి మొక్కల రసాలు కలపడం వేరే సంగతి. అది పిల్లలనూ తల్లులనూ కలిపి తుడిచేస్తుంది. తరాల నుంచి ఉన్న పద్ధతే అయినా వాగులు ఇంత సన్నబడ్డ కాలంలో దాన్ని వదిలేయడమే మేలని నా నమ్మకం.

ఆ తర్వాత చేప పిల్లల లారీ వస్తుంది. తెలంగాణలో ఉచిత చేప పిల్లల పంపిణీ 2016లో మొదలైంది. ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు. గట్టు మీద గొడవంతా లెక్క గురించి, సైజు గురించి. అది న్యాయమైన గొడవే. కానీ ఆ పిల్ల మొప్ప ఎత్తి చూసేవాళ్లు ఎంతమంది? ఎర్రగా ఉంటే బాగున్నట్టు. పాలిపోయినా, తెల్ల చుక్కలున్నా, జిగట ఎక్కువగా కారుతున్నా ఆ సంచి నీళ్లలో పడకూడదు. సంచిని మూతి విప్పకుండా పావుగంట, ఇరవై నిమిషాలు చెరువు నీటి మీద తేలనివ్వాలి, లోపలి వేడి బయటి వేడి సమానమయ్యే దాకా. వదిలేముందు వంద లీటర్ల నీటిలో రెండు మూడు కిలోల ఉప్పు కలిపి అందులో ఒకటి రెండు నిమిషాలు ముంచాలి. పిల్ల తల్లడిల్లితే వెంటనే తీసేయాలి. ఇంతకంటే చవకైన వైద్యం ఏ ప్రాణికీ లేదు.

ఈ పని ఎగ్గొడితే పిల్లలతో పాటు పేను దిగుతుంది. ఆర్గులస్ అనే ఈ చేప పేను కంటికి కనిపిస్తుంది, పలకగా, పారదర్శకంగా. చేపను పట్టుకుని రసం పీలుస్తుంది. చేప గట్టుకు, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది, నీళ్లలోంచి ఎగిరెగిరి పడుతుంది, మేత తగ్గిస్తుంది. పేను గుడ్లు పెట్టేది చేప మీద కాదు, గట్టి వస్తువుల మీద. అందుకే చెరువులో అక్కడక్కడా వెదురు కర్రలు పాతి, వారానికోసారి పీకి ఎండలో ఆరబెడితే గుడ్లు ఎండిపోతాయి. ఇలా చేస్తే పేను మొత్తం పోదు, కానీ అదుపులో ఉంటుంది. వెదురు దొరకని ఊరు ఈ చుట్టుపక్కల లేదు.

పేనుకు సైపర్‌మెత్రిన్ కూడా కొడతారు. ఖమ్మం రైతుకు ఆ పేరు కొత్త కాదు, మిర్చిలో, పత్తిలో పిచికారీ చేసే మందుల కుటుంబమే అది. చేప పేనును చంపే మోతాదుకూ చేపను చంపే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. రొయ్యకైతే ఆ కాస్త ఎడం కూడా లేదు. పాలేరులో నీలకంఠ రొయ్యలు పెంచుతున్నారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎవరూ చెరువులో పోయకపోయినా పిచికారీ చేసిన మర్నాడు కురిసిన వాన దాన్ని తూము దాకా తెస్తుంది. వరుసగా అన్ని రకాల చేపలూ ఒకే పూట చచ్చి తేలితే అది రోగం కాకపోవచ్చు. ఆక్సిజన్ తగ్గితే తెల్లవారుజామున, సూర్యుడు రాకముందు చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వస్తాయి. విషమైతే వేళాపాళా ఉండదు. రోగమైతే ఒకటీ అరా చేపతో మొదలై రోజురోజుకూ పెరుగుతుంది. ఈ మూడింటికీ తేడా తెలియక ఒకే యాంటీబయోటిక్ పొడి చల్లడం డబ్బు పోసి నీళ్లు పాడుచేసుకోవడమే.

తేడా తేల్చడానికి మైక్రోస్కోపు కావాలి, దాంట్లోంచి చూసి చెప్పగలిగే మనిషి కావాలి. ఖమ్మం జిల్లాకు ఒక అదృష్టముంది. పాలేరులోనే పీవీ నర్సింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం వారి మత్స్య పరిశోధన స్థానం ఉంది. అదే విశ్వవిద్యాలయం వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల నడుపుతోంది. దేశమంతటా జలచరాల రోగాలపై నిఘా కార్యక్రమం 2013లో మొదలైంది. రైతే నేరుగా రోగం గురించి తెలిపేందుకు 2023 జూన్ 28న ‘రిపోర్ట్ ఫిష్ డిసీజ్’ యాప్ వచ్చింది. ఇవన్నీ మంచివే. కానీ భద్రాచలం నుంచి ఖమ్మమే వంద కిలోమీటర్లు దాటుతుంది, పాలేరు ఇంకా ముందుకు. చర్ల అవతలి గూడెం నుంచైతే దూరం ఇంకా ఎక్కువ. చచ్చిన చేప వేసవిలో కొన్ని గంటలకే కుళ్లుతుంది. కుళ్లిన చేపలో ఏ రోగమో చెప్పడం కష్టం. పరీక్షకు పంపాల్సింది చచ్చినదాన్ని కాదు, కొన ఊపిరితో ఉన్నదాన్ని, ఆక్సిజన్ సంచిలో. కుదరకపోతే అప్పుడే చచ్చినదాన్ని ఐసు మధ్య పెట్టి, సీసాలో చెరువు నీళ్లతో సహా. ఫోన్లో పుండు ఫొటో, మొప్ప ఫొటో, ఎన్ని చచ్చాయి, ఏ రకానివి చచ్చాయి, ముందురోజు వాన పడిందా అన్న వివరాలు చేర్చితే చూసే నిపుణుడికి సగం పని తగ్గుతుంది.

భద్రాచలంలో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, అంటే ఐటీడీఏ, ఉంది. దాని ఆవరణలో ఒక గది, ఒక మైక్రోస్కోపు, నీటి పరీక్ష కిట్లు, మత్స్య శాస్త్రం చదివిన ఒక అధికారి, మండలానికి ఇద్దరు శిక్షణ పొందిన కోయ యువకులు ఉంటే చాలు. అడుగుతున్నది ఆసుపత్రి కాదు, ఇంత మాత్రమే. ఆ యువకుల మొదటి పని కూడా స్పష్టంగానే ఉంది. వానలు తగ్గి, చలి ముదరకముందే, అక్టోబరులో ప్రతి మత్స్యకారుల సొసైటీ చెరువు నీటినీ సీసాకెత్తి క్షారత్వం కొలవాలి. ఎక్కడ తక్కువుందో అక్కడ నవంబరులోపు సున్నం పడేలా చూడాలి.