ఆకాశవాణి వాద్యవృందం

పాశ్చాత్య వాద్యబృందంలో పదుల కొలది కళాకారులు ముందుగా రాసిన స్వరపత్రాన్ని ఒకే నిర్దేశకుని చేతి సంజ్ఞ ననుసరించి వాయిస్తారు. మన సంగీతానికి ప్రాణం మనోధర్మం. అట్టి విద్వాంసులను ఒకచోట కూర్చి ఒకే రచనను వాయింపజేయడం సాధ్యమా? 1952లో ఢిల్లీ ఆకాశవాణి ఈ ప్రయోగానికి పూనుకొన్నది. సితార్ విద్వాంసుడు పండిత రవిశంకర్, వాయులీన విద్వాంసుడు టి.కె. జయరామయ్యర్ దాని తొలి నిర్దేశకులు.

చిక్కంతా గమకం దగ్గరనే. స్వరాన్ని కాగితంపై రాయవచ్చును. దాని కంపనాన్ని రాయడం కష్టం. ఒకే గాంధారాన్ని ఒక బాణీవారు ఊపుతారు, మరొక బాణీవారు నిలుపుతారు. అందరి పలుకూ ఒకటి కావాలంటే కొందరు తమ బాణీని విడువక తప్పదు. అది చిన్న త్యాగమేమీ కాదు.

తరువాతి కాలంలో ఈ వృందానికి నిర్దేశకత్వం వహించిన ఈమని శంకరశాస్త్రి తెలుగువారు. ఆయన 1922లో ద్రాక్షారామంలో జన్మించారు. తండ్రి అచ్యుతరామశాస్త్రి కూడా వైణికులే. మద్రాసులోని జెమినీ స్టూడియోలో పనిచేసినందున పలు వాద్యాలను ఒక్కతాటిపై నడపడం శాస్త్రిగారికి కొత్త కాదు. అయితే గమకమే సర్వస్వమైన వీణ ఆయన వాద్యం. వృందరచనలలో నడుమ నడుమ ఒక్క వాద్యమే వినిపించే ఘట్టాలుంటాయి. విద్వాంసుని సొంత బాణీకి అక్కడ చోటు దొరుకుతుంది.