పెద్ద చేప - నీటి పద్దు

మన సంఘం సభ్యుల ఇళ్ళలో చేపల తొట్టెలు చాలానే ఉన్నాయి. కిందటి ఉగాది సమావేశంలో మాటల సందర్భంలో లెక్కపెడితే మా బల్ల దగ్గరే అయిదుగురు తేలారు. వారిలో ముగ్గురిది ఒకటే మాట: "నీళ్ళు అద్దంలా ఉంటాయండీ, అయినా చేప నిలవడం లేదు." ముగ్గురూ పెంచినవి పెద్ద చేపలే. ఒకరిది ఆస్కార్, ఒకరిది ఫ్లవర్‌హార్న్, మూడోవారిది వాస్తుకు మంచిదని కొన్న అరవానా. ఏదో చెప్పబోయేసరికి వడ్డనలు మొదలయ్యాయి. విస్తరి ముందు అమ్మోనియా గురించి మాట్లాడడం మర్యాద కాదు కనుక ఊరుకున్నాను. అప్పుడు మిగిలిపోయిన మాటలే ఇవి.

నేను సైన్సు చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. అయితే చేపల తొట్టెకు కావలసింది సైన్సు కంటే జమాఖర్చు అని నా అభిప్రాయం. పెరంబూరులో మా ఇంట్లో 2014 నుంచి ఒక ఆస్కార్ ఉంది. మాకు దగ్గర్లోని కొళత్తూరు రంగు చేపల వ్యాపారానికి పేరుపడ్డ చోటు. అక్కడ మా అమ్మాయి ముచ్చటపడి కొన్నప్పుడు అది రెండంగుళాల పిల్ల. ఏడాది తిరిగేసరికి పది అంగుళాలైంది. ఇప్పుడు అడుగు ఉంటుంది. దాని తిండి చూసి మా ఆవిడ భీముడని పేరు పెట్టింది. ఈ జాతి పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. సరిగా చూసుకుంటే పదేళ్ళు దాటి బతుకుతుంది. ఈ రెండు సంగతులూ, అంటే అడుగు పొడవూ పదేళ్ళ ఆయుష్షూ, పిల్లను అమ్మేటప్పుడు ఏ కొట్లోనూ చెప్పరు.

చేప తన మలినాన్ని ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియాగా నీళ్ళలోకి వదులుతుంది. దానికి రంగు లేదు. అందుకే అద్దంలాంటి నీళ్ళలో కూడా చేప చచ్చిపోతుంది. తొట్టె కుదిరాక ఫిల్టరు స్పాంజిలో, రాళ్ళ సందుల్లో కొన్ని సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది, ఇది చాలావరకు సాధువు. ఈ కాపురం కుదరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టె కొన్న సాయంత్రమే పెద్ద చేపను దింపడమంటే, వంటవాడు చేరకముందే పెళ్ళివారిని పిలవడమన్నమాట. ఇంకొక సంగతి. స్పాంజిని కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడిగేవారున్నారు. కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌కు ఆ కాపురం కాస్తా కూలిపోతుంది. తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు పిండితే చాలు.

ఇక పద్దు. మా తొట్టె నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు. ఘనపుటడుగుకు 28 లీటర్ల చొప్పున 336 లీటర్లు రావాలి. రాళ్ళూ, పైన వదిలిన ఖాళీ పోను 300 అనుకుందాం. భీముడికి రోజుకు అయిదు గ్రాముల గుళికలు వేస్తాం. ఆ తిండిలో నూటికి నలభై వంతులు మాంసకృత్తులు, మాంసకృత్తుల్లో నూటికి పదహారు వంతులు నత్రజని. ఒంటికి పట్టింది పోను మిగతాదంతా నీళ్ళలోకే వస్తుంది. లెక్క కట్టి చూస్తే వారానికి లీటరుకు సుమారు 20 మిల్లీగ్రాముల నైట్రేట్ జమ అవుతుంది. ఫిల్టరు దీన్ని తీసేయలేదు. నీళ్ళు మార్చడమొక్కటే ఖర్చు పద్దు.

వారానికి పావు వంతు నీళ్ళు మారుస్తున్నామని చాలామంది తృప్తిపడతారు. కాని బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ కట్టినవారికి ఈ సంగతి ఇట్టే తెలుస్తుంది. మొదటి వారం 20 జమ. పావు తీస్తే 15 మిగిలింది. రెండో వారానికి 35. ఇలా పోయి పోయి పదో వారానికి 75 దాటి, చివరకు 80 దగ్గర నిలుస్తుంది. సగం నీళ్ళు మారిస్తే 20, 30, 35 అంటూ వెళ్ళి 40 దగ్గర నిలుస్తుంది. ఈ 40 దాటకుండా చూడాలని చేపలు పెంచేవారిలో ఒక ఒప్పుదల ఉంది. ఆస్కార్‌లకు తల మీద గుంటలు పడే జబ్బొకటి వస్తుంది. దాని వెనకున్న కారణాల్లో చెడిన నీళ్ళు ముఖ్యమైనవి. అందుకని మేము ప్రతి ఆదివారం సగం, అంటే 150 లీటర్లు మార్చేవాళ్ళం.

అలా 2019 దాకా సాగింది. ఆ ఏడు జూన్ నాటికి చెన్నైకి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్ హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు ఎండిపోయిన సంగతి ఇక్కడివాళ్ళం మరిచిపోలేము. జులై 12న జోలార్‌పేట నుంచి 25 లక్షల లీటర్ల నీళ్ళతో రైలు విల్లివాక్కం చేరింది. మన కృష్ణా నీళ్ళు కండలేరు నుంచి కాలువలో పూండికి 1996 నుంచి వస్తున్నా, ఆ వేసవిలో అవీ లేవు. మా వీధిలో లారీ కోసం తెల్లవారుజామున నాలుగింటికే బిందెలు వరసలో ఉండేవి.

ఒక ఆదివారం నేను గొట్టం తీస్తుంటే మా ఆవిడ అంది: "ఏమండీ, కింద ఆ వాచ్‌మన్ భార్య రెండు బిందెల కోసం గంట నుంచి నిలబడి ఉంది. మనం చేపకు నూటయాభై లీటర్లు పోస్తున్నాం. ఇదేమైనా బాగుందా?"

బాగాలేదు. గొట్టం చుట్టి పెట్టేశాను. ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. కొట్టువాడికి తిరిగి ఇచ్చేద్దామని అమ్మాయిచేత ఫోను చేయించాం. "ఈ సైజు ఎవరూ కొనరు సార్" అన్నాడతను. ఏదైనా చెరువులో వదిలేయమని సలహా ఇచ్చినవారూ ఉన్నారు. పరదేశపు చేపను మన చెరువులో వదలడం తప్పు. తొట్టె అద్దాల పాచి తింటుందని తెచ్చుకుని, పెరిగాక వదిలేసిన సక్కర్ చేపల్నే ఆంధ్రాలో చెరువుల మీద బతికేవారు ఇప్పుడు దెయ్యం చేపలని తిట్టుకుంటున్నారు. పైగా ఆ వేసవిలో చెరువులు ఎక్కడున్నాయి? అయిదేళ్ళు మన చేతి తిండి తిన్న ప్రాణిని మురికినీళ్ళలో కుళ్ళబెట్టడమూ మనసొప్పదు.

చివరికి పద్దు పుస్తకమే దారి చూపింది. జమ తగ్గితే ఖర్చూ తగ్గించవచ్చు. రోజూ వేసే తిండిని రోజు విడిచి రోజు చేశాం. వారానికి జమ 20 నుంచి 10కి దిగింది. అప్పుడు పావు వంతు నీళ్ళు మార్చినా పద్దు అదే 40 దగ్గర నిలుస్తుంది! పెద్ద చేపకు సగం తిండితో ప్రాణభయం లేదు, ఎదుగుదల నెమ్మదిస్తుందంతే. ఇక ఆ 75 లీటర్లూ. తొట్టెలోంచి తీసిన నీళ్ళను బకెట్లలో పట్టి మరుగుదొడ్డికీ, మేడ మీది కరివేపాకు కుండీకీ వాడాం. అంతకు ముందు ఆ పనులకు వాడే నీళ్ళనే ముందు చేపకు పోశామన్నమాట. ఇంటి మొత్తం వాడకంలో ఒక్క బిందె కూడా పెరగలేదు. మా ఆవిడ వారం రోజులు బకెట్లు లెక్కపెట్టి చూసి గాని ఒప్పుకోలేదు. సెప్టెంబరు చివర్లో కండలేరు నుంచి మళ్ళీ నీళ్ళు వదిలారు. తరవాత వానలూ వచ్చాయి. తీసిన నీళ్ళను మరుగుదొడ్డికి వాడే పద్ధతి మాత్రం ఈనాటికీ మా ఇంట్లో ఉంది. నైట్రేట్ అంటే మొక్కలకు ఎరువే కనుక మా కరివేపాకు సంగతి చెప్పనే అక్కర్లేదు.

అదే వేసవిలో మా బంధువుల ఇంట్లో మరోలా జరిగింది. వాళ్ళు మూడు నెలలు నీళ్ళు మార్చలేదు, పైపైన ఇగిరినంత పోస్తూ వచ్చారు. చేప బాగానే ఉంది. వానలు పడ్డాక సంతోషంగా ఒకేసారి ముప్పాతిక నీళ్ళు మార్చారు. సాయంత్రానికి చేప పోయింది. కొత్త నీళ్ళలో విషముందని వాళ్ళ నమ్మకం. విషం పాత నీళ్ళదే. సూక్ష్మజీవులు పనిచేస్తున్నకొద్దీ నీటిలోని క్షారం ఖర్చయిపోయి పి.హెచ్. ఆరుకు, ఇంకా కిందికి దిగుతుంది. అప్పుడు ఆ జీవుల పనీ మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. కాని ఆమ్లపు నీటిలో అది కోరలు తీసిన పాములాంటిది. మన ఎండకు తొట్టె నీళ్ళు 28 డిగ్రీలుంటాయి. ఆ వేడిలో పి.హెచ్. 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కన్నా తక్కువ. అదే 8 అయితే ఆరేడు వంతులు. క్షారమున్న కొత్త నీళ్ళు ఒక్కసారిగా పడేసరికి పాముకు కోరలు మొలిచాయి. అలా చాలాకాలం వదిలేసిన తొట్టెలో రోజుకు పదో వంతు చొప్పున, పది పన్నెండు రోజులపాటు మార్చుకుంటూ రావాలి. అమ్మోనియాకూ పి.హెచ్.కూ చుక్కలు వేసి రంగు చూసే కిట్లు కొట్లలో దొరుకుతాయి. చేప ఖరీదు కంటే కిట్ ఖరీదు ఎక్కువని వెనకాడేవారు చేప కొనకుండా ఉండడమే మంచిది.

నీళ్ళెక్కడివన్నది కూడా చూసుకోవాలి. మెట్రో వాటర్‌లో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో పట్టి గాలి పంపు పెట్టి ఒక రాత్రి, ఒక పగలు ఉంచితే పోతుంది. తొందరైతే హైపో కలపాలి. బోరు నీళ్ళలో క్లోరిన్ ఉండదు గాని ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. వాటినీ ఒక రాత్రి గాలి తగలనివ్వాలి. లారీ నీళ్ళు ఒకనాడు ఒక బావివి, మరునాడు మరో బావివి. కొలవకుండా పోయకూడదు. ఆర్.ఓ. నీళ్ళు మంచివి కదా అని అవే పోస్తారు కొందరు. వాటిలో క్షారమే ఉండదు కనుక పి.హెచ్. నిలవదు. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం పోస్తే చేపకు వేణ్ణీళ్ళ స్నానమే.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మా వీధిలో రెండున్నర రోజులు కరెంటు లేదు. తిండి పూర్తిగా ఆపేశాం. ఎదిగిన ఆస్కార్ వారం పైన పస్తు ఉండగలదు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి నడిపాం. అది ఆగినప్పుడల్లా ముగ్గురం వంతులవారీగా చెంబుతో నీళ్ళు ఎత్తి పోశాం. మూసి ఉండే డబ్బా ఫిల్టరైతే కరెంటు పోయిన కొన్ని గంటలకే లోపల కుళ్ళడం మొదలవుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేస్తే ఆ కుళ్ళంతా తొట్టెలోకి వస్తుంది. విప్పి, లోపలి నీళ్ళు పారబోసి, అప్పుడు పెట్టాలి.

కిందటి నెలలో మా పై వాటా కుర్రాడు రెండంగుళాల ఆస్కార్ పిల్లను పాలిథిన్ సంచిలో తెచ్చి చూపించాడు. "దీనికి ఎంత తొట్టె కావాలి అంకుల్?" అని అడిగాడు. వాడి దగ్గరున్నది అడుగున్నర తొట్టె. వాళ్ళ నాన్నగారిని కూడా కిందికి పిలిచి, భీముడి ఎదురుగా కూర్చోబెట్టి ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. పిల్ల మరునాడే కొట్టుకు తిరిగి వెళ్ళింది. దాని బదులు ఎనిమిది గప్పీలు వచ్చాయి.