చందువానా... రూప్‌చందా?

ఆకారం ఒకేలా ఉంటుంది. పేరు కూడా దగ్గర దగ్గరగానే. ధర మాత్రం ఎక్కడా పొంతన ఉండదు. సముద్రం చేప పేరు చెప్పి చెరువు చేప అంటగడితే కనిపెట్టడం ఎలా?

‘ఇదేం చేప?’

‘చందువా సార్! అచ్చం సముద్రంది. తెల్లారే ఐసులో దిగింది.’

అంతే. కాటా మీద పడుతుంది, తూకం అవుతుంది, మరో నిమిషంలో ముక్కలై సంచిలోకి చేరుతుంది. ఆ తర్వాత అది నిజంగా చందువానో, చందువా వేషం కట్టిన ఇంకో చేపో తేల్చడం ఎవరి తరమూ కాదు. బెండకాయ అడిగితే దొండకాయ తూస్తానంటే ఎవరూ ఊరుకోరు. చేపల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మేవాళ్లు చెప్పిన పేరే వేదం!

కోస్తాలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ. విశాఖ హార్బర్లోనో, కాకినాడ రేవులోనో పాట పాడే వేళకు వెళ్తే ఏ చేప ఏదో పిల్లలు కూడా చెప్పేస్తారు. తీరమే లేని తెలంగాణలో పరిస్థితి వేరు. అక్కడివారికి చెరువు చేపలు బాగా తెలుసు. కొర్రమీను అయితే ఏకంగా రాష్ట్ర చేప. రవ్వను, బొచ్చెను చీకట్లో తడిమి చెప్పగలిగినవాళ్లు కూడా వంజరం దగ్గరికి వచ్చేసరికి తెల్లమొహం వేస్తారు. సముద్రం చేప అక్కడికి ఐసు పెట్టెల్లో, లారీల్లో, నాలుగు చేతులు మారి వస్తుంది. చేయి మారినప్పుడల్లా పేరు కూడా మారే అవకాశం ఉంది.

ఊరికో పేరు

నిజానికి పేర్ల గందరగోళంలో మోసం పాలు కొంతే. విశాఖ వైపు కోనెం అంటారు, ఇంకోచోట వంజరం అంటారు, హోటల్ మెనూలో అదే సీర్ ఫిష్ అవుతుంది, పక్క హోటల్లో కింగ్ ఫిష్. పండుగప్పను కలకత్తాలో భెట్కీ అంటారు, పెద్ద హోటళ్లలో సీబాస్ అంటారు, ఆస్ట్రేలియాలో బారాముండి అంటారు. చందువాను ముంబయి వాళ్లు పాప్లెట్ అంటారు. ఇన్ని పేర్లున్న చోట తప్పుడు పేరొకటి కలిసిపోవడం ఎంతసేపు?

దేశంలో అమ్ముతున్న చేప ఉత్పత్తులకు డీఎన్‌ఏ పరీక్షలు చేసి, 2016లో ఒక అధ్యయనం వెలువరించారు. ఆ నమూనాల్లో 22 శాతానికి పైన రాసిన పేరు ఒకటి, లోపలి చేప ఒకటి! ప్రయోగశాలకు వెళ్లాల్సిన అవసరం లేకుండా కొనేవాళ్లు తమంతట తామే పట్టుకోగలిగినవి ఇందులో చాలానే ఉంటాయి. అయితే ఒక్క షరతు... చేప ముక్కలు కాకముందే చూడాలి. నోరు, వెన్ను, పొట్ట, తోక. ఈ నాలుగు చోట్ల చూపు ఆనితే చాలు, చేప తన కులగోత్రాలు తానే చెప్పేస్తుంది.

నకిలీ చందమామ

చందువాకు ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. ముల్లు తక్కువ, మాంసం మెత్తన. ధరా అలాగే చుక్కల్లో ఉంటుంది. అందుకే దాని పేరు వాడుకునే చేపలూ ఉన్నాయి. వాటిలో ముందు చెప్పుకోవాల్సింది రూప్‌చంద్.

ఇది దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదుల చేప. పళ్లకు పేరుమోసిన పిరానాకు దగ్గరి చుట్టం. 2000 తర్వాత బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చి, ఆంధ్రా చెరువుల్లో స్థిరపడిపోయింది. గమ్మత్తు ఏమిటంటే బెంగాలీలో రూప్‌చాందా అంటే అసలు సిసలు చందువాయే! గుండ్రంగా, పలచగా ఉన్న ఆకారం చూసి ఆ పేరు దీనికీ తగిలించారు. రూప్‌చంద్ తినడానికి పనికిరానిదేమీ కాదు. తక్కువ ధరకు దొరికే మంచి చేపే. దాన్ని దాని పేరుతో, దాని ధరకు అమ్మితే ఏ పేచీ లేదు.

తేడా పట్టుకోవడం తేలిక. వెన్ను మీది పెద్ద రెక్క అయిపోయాక, తోకకు ముందు, గోరంత కండ రెక్క ఇంకొకటి కనిపిస్తే అది రూప్‌చంద్. చందువాకు అది ఉండదు. పొట్ట తిప్పి చూస్తే రూప్‌చంద్‌కు కింద జంట రెక్కలుంటాయి. చందువా పొట్ట నున్నగా ఉంటుంది. ఇంకా అనుమానమా? నోరు తెరిపించండి. రూప్‌చంద్ నోట్లో మనిషి దంతాల్లాంటి పళ్లు వరసగా కనిపిస్తాయి. చందువాది సున్నాలా బుల్లి నోరు. తోక లోతుగా చీలి ఉంటుంది.

ఇక నల్ల చందువా సంగతి. పేరులో చందువా ఉన్నా ఇది తెల్ల చందువాకు చుట్టం కాదు, పార చేపల వంశం. తోక మొదట్లో వేలితో రాసి చూస్తే గట్టి పొలుసులు గట్టులా గరుకుగా తగులుతాయి. తెల్లదానికి అక్కడ నున్నగా ఉంటుంది. రుచిలో నల్లదీ తీసిపోదు, సాధారణంగా ధరే కాస్త తక్కువ.

ముక్క కోస్తే అన్నీ వంజరాలే

పెళ్లిళ్లలో, హోటళ్లలో వేపుడు ముక్క అంటే ముందు గుర్తొచ్చేది వంజరం. పెద్ద చేప కాబట్టి ఎక్కువగా ముక్కలుగానే అమ్ముతారు. చిక్కంతా అక్కడే. గుండ్రంగా కోసిన ముక్కకు నడుమ ఒక వెన్నుముల్లు... బరాకుడాను కోసినా, కోబియాను కోసినా దాదాపు అలాగే కనిపిస్తుంది.

చేప మొత్తంగా ఉంటే మాత్రం వంజరాన్ని పోల్చుకోవడానికి ఒక్క చూపు చాలు. వెన్ను మీద, పొట్ట కింద, తోక దాకా బుల్లి బుల్లి రెక్కలు రంపం పళ్లలా వరసగా ఉంటాయి. తోక నెలవంకలా వంగి ఉంటుంది. ఒళ్లు పొలుసే లేనంత నునుపు. బరాకుడాకు ఆ బుల్లి రెక్కల వరస ఉండదు. పొలుసులు స్పష్టంగా కనిపిస్తాయి. కింది దవడ ముందుకు పొడుచుకొస్తుంది. కోబియాకేమో తల చదునుగా, ఒళ్లు ముదురు గోధుమ రంగులో ఉంటుంది.

వంజరాల్లోనూ రకాలున్నాయి. ఒంటి పక్కన అడ్డంగా అలల్లాంటి చారలుంటే ఒక రకం, గుండ్రటి చుక్కలు వరసలు కట్టి ఉంటే మరో రకం, చిన్న చిన్న గీతలు నిలువునా పరుచుకుని ఉంటే ఇంకో రకం. మొదటిది బాగా పెద్దదవుతుంది. ముక్కలే కొనాల్సి వస్తే చర్మం తీయని ముక్క అడగండి. వెండిలా మెరిసే నున్నటి చర్మం, దాని మీద చారో చుక్కో కనిపిస్తే కొంత నమ్మకం.

చర్మమూ ముల్లూ రెండూ తీసేసిన బోన్‌లెస్ ముక్క దగ్గర మాత్రం కళ్లు పనిచేయవు. పండుగప్ప పేరుతో పళ్లెంలోకి వచ్చే తెల్లటి ముక్క, మన చెరువుల్లో పెరిగే ఫంగస్ చేపది అయినా గుర్తుపట్టడం కష్టం. ఫంగస్ అంటే బూజు కాదు, పంగాసియస్ అనే జెల్ల జాతి చేపకు మనవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు. హోటళ్లలో ఇదే బాసా. పండుగప్ప కావాలనుకుంటే తలతో సహా చూడాల్సిందే. నుదురు లోపలికి వంగి, మూతి కోసుగా ఉంటుంది. నోటి చీలిక కంటిని దాటి వెనక్కి పోతుంది. తోక విసనకర్రలా గుండ్రంగా ఉంటుంది. ఒళ్లంతా గట్టి పొలుసు. ఫంగస్‌కు ఒంటి మీద పొలుసే ఉండదు, మూతికి మీసాలుంటాయి.

పులస దగ్గర కళ్లూ ఓడిపోతాయి

పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత. అందుకే ఎక్కడి ఇలసైనా గోదావరి జిల్లాలకు చేరేసరికి పులస అయిపోతోందన్న అనుమానం ఎప్పుడూ ఉన్నదే. సముద్రంలో ఉండగా విలస, వరదల కాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదితే పులస. చేప ఒకటే. పై దవడ నడుమ చిన్న నొక్కు, పొట్ట అంచున రంపంలాంటి పొలుసులు... ఇవి చూసి ఇలస జాతి అని పోల్చుకోవచ్చు. అది ఏ నీళ్లలో ఈదిందో మాత్రం ఆకారం చూసి తేల్చలేరు. ఇక్కడ పనికొచ్చేవి రెండే. ఒకటి కాలం, రెండోది అమ్మే మనిషి మీద నమ్మకం. నదికి కొత్తనీరు రాకముందే ‘పులస వచ్చింది’ అన్నారంటే ఆలోచించాల్సిందే.

మోసం లేని బుట్ట

ఖరీదైన చేపకే ఇన్ని వేషాలు. మత్స్యకార మహిళలు గంపల్లో తెచ్చే మామూలు చేపల్లో ఆ బెడద తక్కువ. వాటిని పోల్చుకోవడమూ సులువే.

కానాగడతలు: నీలం, ఆకుపచ్చ కలిసిన వెన్ను మీద నల్ల చుక్కల వరస. తోకకు ముందు పైన ఐదు, కింద ఐదు బుల్లి రెక్కలు.

కవళ్లు: వెన్ను మీద ఒకే రెక్క. పొట్ట అంచు తడిమితే గరుకు.

నెత్తళ్లు: వేలెడంత చేప. ముట్టె ముందుకు పొడుచుకొచ్చి, నోరు దాని కింద దాక్కుంటుంది.

సావిడాయిలు: వెండి రిబ్బను చుట్ట చుట్టినట్టు ఉంటాయి. పొలుసు లేదు, తోక రెక్క కూడా లేదు. ఒళ్లు సన్నబడుతూ సూదిలా ముగిసిపోతుంది.

గులివిందలు: గడ్డం కింద రెండు మీసాలు.

నాలుక చేప: కళ్లు రెండూ ఒకే పక్క!

సొర: తల వెనక, పక్కన ఐదు చీలికలు. ఒళ్లు గరుకు కాగితం.

గొరకలు: ఒంటి పక్కన పోయే గీత తోక చివరిదాకా సాగుతుంది. వలలో పడితే లక్షలు పలుకుతోందని పత్రికలకెక్కే కచిడి ఈ వంశంలోదే. ఆ ధర మాంసానిది కాదు, పొట్టలోని గాలితిత్తిది. గుజరాత్ 2023లో దీన్నే రాష్ట్ర చేపగా ప్రకటించింది.

ప్రాణం మీదికి రాకుండా...

చేపను పోల్చుకోవడం డబ్బు కోసమే అనుకుంటే పొరపాటు. కానాగడతలు, కవళ్లు, సూరలను ఐసు లేకుండా ఎండలో వదిలేస్తే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి. ఎంత ఉడికించినా, వేయించినా ఆ పదార్థం పోదు. అందుకే ఈ జాతి చేపలను ఐసులో ఉన్నవే కొనాలి, ఇంటికి తీసుకెళ్లాక కూడా బయట ఉంచకూడదు.

గర్భిణులకైతే ఇంకో జాగ్రత్త. వేటాడి బతికే పెద్ద చేపల ఒంట్లో పాదరసం ఎక్కువగా చేరుతుంది. సొర, కత్తి చేప, కింగ్ మాకరెల్ లాంటివాటికి గర్భిణులు, చిన్నపిల్లలు దూరంగా ఉండాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. కింగ్ మాకరెల్ మన వంజరానికి అన్నలాంటిది. కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపల్లో ఆ బెడద చాలా తక్కువ. వైద్యులు ఒక చేప వద్దన్నప్పుడు అదేదో గుర్తుపట్టగలగాలి కదా!

ఫార్మలిన్ భయం కూడా ఉత్తిదేమీ కాదు. 2018లో కేరళలో తనిఖీలు జరిపి, ఆ మందు కలిపిన చేపలను భారీగా పట్టుకున్నారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చేప మీద రాసి రంగు చూసే పరీక్ష కిట్‌ను రూపొందించింది. మామూలు కొనుగోలుదారుకు ఉన్న పరీక్షలు మాత్రం పాతవే. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. మొప్ప ఎత్తితే ఎర్రగా కనిపించాలి. వేలితో నొక్కిన గుంట వెంటనే పూడిపోవాలి. వాసన సముద్రాన్ని గుర్తుచేయాలి, మందుల షాపును కాదు.

క్యాలెండరూ కొంత సాయం చేస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్లకూడదు. ఆ రోజుల్లో ‘విశాఖ నుంచి తెల్లారే వచ్చిన పెద్ద వంజరం’ అని ఎవరైనా అంటే, అది చిన్న పడవల వేటలో పడిందా, పడమటి తీరం నుంచి వచ్చిందా, శీతల గిడ్డంగిలోంచి బయటికి తీశారా అని అడగడంలో తప్పులేదు.

అడిగినది కాకుండా వేరే ఆహారం అంటగట్టడం 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం శిక్షార్హమే. అయితే ప్రతి ఆదివారం ప్రతి కొట్టు దగ్గరా అధికారి నిలబడలేడు. పైగా ఈ వేషాల వల్ల నష్టపోయేది కొన్నవాళ్లొక్కరే కాదు. తెల్లవారుజామునే రేవుకెళ్లి, పాటలో అసలు చందువా కొని, గంప నెత్తిన పెట్టుకుని వచ్చే మత్స్యకార మహిళ ఆ ధరకే అమ్మాలి. పక్కన రూప్‌చంద్‌ను చందువా అంటూ సగం ధరకు అమ్మేవాళ్లుంటే ఆమె గంప దిగదు. ‘మీదే ఎక్కువ చెబుతున్నారు’ అన్న మాట కూడా ఆమే పడాలి.

కాబట్టి కత్తి పడకముందే చేపను చేతిలోకి తీసుకోండి. పొట్ట తిప్పి, మొప్ప ఎత్తి, నోరు తెరిచి చూడండి. అసలు సరుకున్న మనిషి విసుక్కోదు... ‘చూసుకో బాబూ’ అని తానే మొప్ప ఎత్తి చూపిస్తుంది.