వ్యాయామం ఎంతవరకు? విశ్రాంతి ఎందుకు?

వ్యాయామం ఆరోగ్యదాయకం. అయితే పోలీసు, సైనిక ఉద్యోగాల ఎంపికకై తెల్లవారకముందే మైళ్లకొద్దీ పరుగెత్తే యువకులలో కొందరు కొద్ది వారాలకే నీరసిస్తారు. ఒళ్లునొప్పులు, నిద్రలేమి, అరుచి వారిని బాధిస్తాయి. లోపం వ్యాయామంలో లేదు. తగిన విశ్రాంతి లేకపోవడంలో ఉన్నది.

తీవ్రంగా శ్రమించునపుడు శరీరం మామూలుకంటే పది రెట్లకు పైగా ప్రాణవాయువును వినియోగించుకుంటుంది. అపుడు కండరాలలో 'ఫ్రీ రాడికల్స్' అధికంగా పుడతాయి. ఇవి మితంగా ఉంటే శరీరానికి హెచ్చరిక వంటివి. దానితోనే శరీరం తన రక్షక ఎంజైములను వృద్ధి చేసుకుంటుంది. కోలుకునే వ్యవధి లేక మితిమీరితే కణాల పొరలు, మాంసకృత్తులు దెబ్బతింటాయి.

మరి విటమిన్ మాత్రలు మింగితే సరిపోదా? 2009లో వెలువడిన ఒక పరిశోధనలో నాలుగు వారాలపాటు రోజూ 1000 మి.గ్రా. విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ సేవించినవారికి, వ్యాయామం వలన ఇన్సులిన్ పనితీరులో కలుగవలసిన మేలు కలుగలేదు. మాత్రలకంటే ఉసిరి, జామ, ఆకుకూరలు ఉత్తమం.

బలంలో సగం మేరకే వ్యాయామం చేయవలెనని సుశ్రుతుడు బోధించాడు. నోటితో శ్వాస తీయవలసి రావడమే దానికి గుర్తు. పోటీలకు సిద్ధపడేవారు అంతకు మించి శ్రమించక తప్పదు. అట్టివారు కఠినశ్రమ చేసిన మరునాడు తేలికపాటి నడకతో సరిపెట్టాలి. రాత్రి ఏడెనిమిది గంటలు నిద్రించాలి. పప్పు, పెరుగు, గుడ్డు తగినంత తీసుకోవాలి.

తీవ్రమైన కండరాల నొప్పితో మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే గృహచికిత్సలతో కాలయాపన చేయక, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదమున్నది.