దొంగ క్లిక్కుల లెక్క: ఆన్‌లైన్ ప్రకటనలకు నెలనెలా తనిఖీ ఎందుకు?

కొనే ఉద్దేశం లేకుండా, ఆన్‌లైన్ ప్రకటనను ప్రకటనదారు డబ్బు కరిగించడానికో, అందులో వాటా కొట్టేయడానికో కావాలని నొక్కడాన్ని క్లిక్ ఫ్రాడ్ అంటారు. నొక్కేది మనిషి కావచ్చు, ప్రోగ్రామ్ కావచ్చు. క్లిక్కుకు ఇంత అని డబ్బు కట్టే పద్ధతి ఉన్నచోటే ఈ మోసానికి చోటుంది. ఆ పద్ధతిని 1998లో అమెరికాలో గోటూ.కామ్ వ్యాపారంగా నిలబెట్టింది. 2002లో గూగుల్ తన ప్రకటనల వేలాన్ని క్లిక్కు ధర మీదికి మార్చింది. 2003లో యాడ్‌సెన్స్ రావడంతో ఎవరి వెబ్‌సైటులోనైనా గూగుల్ ప్రకటనలు కనిపించడం, ప్రతి క్లిక్కులో ఆ సైటు యజమానికి వాటా దక్కడం మొదలైంది. దొంగ క్లిక్కులకు లాభం కూడా అక్కడి నుంచే పెరిగింది.

ఈ కథలో భారతదేశం పేరు తొందరగానే వినిపించింది. మెట్రో నగరాల్లో గృహిణులు, పట్టభద్రులు ఇంట్లో కూర్చుని ప్రకటనలను నొక్కుతూ నెలకు 100 నుంచి 200 డాలర్లు సంపాదిస్తున్నారని 2004 మే నెలలో టైమ్స్ ఆఫ్ ఇండియా రాసింది. ఇప్పుడు ఈ దేశంలోని చిన్న వ్యాపారాలే క్లిక్కులు కొంటున్నాయి కాబట్టి నష్టపోయే వరుసలోనూ అవి ఉన్నాయి.

బొమ్మసంద్రలో ఒక చిన్న యూనిట్

బెంగళూరు దక్షిణాన, హోసూరు రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ దాటగానే బొమ్మసంద్ర పారిశ్రామిక వాడ వస్తుంది. బయోకాన్ వంటి పెద్ద సంస్థల పక్కనే సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే యంత్రాల) జాబ్‌వర్క్ షాపులు, టూల్ రూములు, షీట్ మెటల్ యూనిట్లు ఇక్కడ పనిచేస్తున్నాయి. అలాంటి ఒక యూనిట్ ప్రకటనలకు రోజుకు 1,000 రూపాయలు కేటాయించిందని, క్లిక్కు ధర 40 రూపాయలని అనుకుందాం. సగటున 25 క్లిక్కులతో ఆ రోజు డబ్బు అయిపోతుంది. అందులో 10 దొంగవైతే 400 రూపాయలు పోవడంతోపాటు, మధ్యాహ్నానికే బడ్జెట్ అయిపోయి సాయంత్రం వెతికే నిజమైన కొనుగోలుదారుకు ప్రకటన కనిపించకుండా పోతుంది.

వృథా క్లిక్కులు మూడు దారుల్లో వస్తాయి. మొదటిది పోటీదారుల పని: అదే వాడలో అదే పనిచేసే వాళ్లు, లేదా వాళ్ల మనుషులు నొక్కడం. రెండోది ప్రకటనను చూపించే యాప్‌లు, సైట్లే ఆదాయం కోసం నొక్కించుకోవడం. ఇది కంచే చేను మేయడం. మూడోది పొరపాటు: ఫోన్‌లో ఆట ఆడుతున్న పిల్లవాడి బొటనవేలు ప్రకటన మీద పడటం. మూడోదానిలో మోసం లేకపోయినా ఖర్చు మాత్రం ఖర్చే.

వడపోత ఎంతవరకు?

ప్రకటనల వేదికలు దొంగ క్లిక్కులను రెండు దశల్లో తీసేస్తాయి. క్లిక్కు పడిన క్షణంలోనే కొన్నింటిని బిల్లులోకి రాకుండా ఆపుతాయి. తర్వాత బయటపడిన వాటికి డబ్బు ఖాతాలో జమచేస్తాయి. అమెరికాలో ప్రకటనల కొలతకు ప్రమాణాలు పెట్టే మీడియా రేటింగ్ కౌన్సిల్ చెల్లని ట్రాఫిక్‌ను రెండు తరగతులు చేసింది. డేటా సెంటర్ల నుంచి వచ్చేవి, తామెవరో చెప్పుకునే సెర్చ్ రోబోలు వంటివి సాధారణ తరగతి. జాబితాలతో, స్థిరమైన నియమాలతో వీటిని పట్టుకోవచ్చు. మనిషిలా నటించేవి రెండో తరగతి. వీటికి లోతైన విశ్లేషణ కావాలి.

ఆ నటన ఎంత దూరం వెళ్లిందో మెథ్‌బాట్ కేసు చూపించింది. 2016లో బయటపడిన ఈ ముఠా డేటా సెంటర్లలో సుమారు 1,900 సర్వర్లు అద్దెకు తీసుకుని, అక్కడి నుంచి ప్రకటనలు చూసినట్టు నటించింది. ఆ ప్రోగ్రామ్‌లు మౌస్‌ను కదిపేవి, వీడియోను నడిపి మధ్యలో ఆపేవి, ఫేస్‌బుక్‌లో లాగిన్ అయినట్టు కనిపించేవి. దాన్ని నడిపిన అలెగ్జాండర్ జుకోవ్‌కు 2021లో అమెరికా కోర్టు పదేళ్ల జైలు శిక్ష వేసింది. 2018లో బయటపడిన ఈవ్ ముఠా మరో అడుగు ముందుకేసి, వైరస్ సోకిన 17 లక్షల కంప్యూటర్లను వాడుకుంది. అవి మామూలు మనుషుల యంత్రాలు కాబట్టి ఇంటర్నెట్ అడ్రస్ (ఐపీ) చూసి దొంగను గుర్తుపట్టే వీలు తగ్గింది.

పట్టుకోవడంలో ఇంతకంటే మౌలికమైన చిక్కు ఒకటుంది. దొంగ క్లిక్కులకూ డబ్బు వసూలు చేశారంటూ అమెరికాలోని అర్కాన్సాస్‌కు చెందిన లేన్స్ గిఫ్ట్స్ అనే దుకాణం వేసిన దావాను గూగుల్ 2006లో 9 కోట్ల డాలర్ల ఒప్పందంతో ముగించింది. ఆ కేసు కోసం న్యూయార్క్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెగ్జాండర్ తుజిలిన్ గూగుల్ వడపోతను పరిశీలించి, అది సమంజసంగానే ఉందని నివేదిక ఇచ్చారు. అయితే నొక్కినవాడి ఉద్దేశం యంత్రానికి కనిపించదు కనుక, ఏ క్లిక్కు చెల్లదో పూర్తిగా తేల్చే నిర్వచనం సాధ్యం కాదని కూడా చెప్పారు. పట్టుకునే నియమాలను బయటపెడితే మోసగాళ్లు వాటినే తప్పించుకుంటారు. అందుకే ఒక్కో క్లిక్కును విడిగా చూస్తే ఏమీ తేలదు. చాలా క్లిక్కులను వరుసగా పెట్టి చూడాలి. తనిఖీని అలవాటుగా చేయడానికి కారణం ఇదే.

అనుమానానికి ఎన్ని క్లిక్కులు కావాలి?

మామూలుగా నూటికి 5 క్లిక్కులు ఎంక్వైరీగా మారే యూనిట్‌ను తీసుకుందాం. ఒక రోజు 25 క్లిక్కులు వచ్చి ఒక్క ఫోనూ రాలేదు. అన్నీ నిజమైన క్లిక్కులే అయినా అలా జరిగే అవకాశం 28 శాతం. అంటే నాలుగు రోజుల్లో ఒక రోజు సహజంగానే ఖాళీగా పోవచ్చు. 60 క్లిక్కులకు ఒక్క ఫోనూ లేకపోతే ఆ అవకాశం 5 శాతం లోపుకు, 100 క్లిక్కులకు 1 శాతం లోపుకు పడిపోతుంది. ఒక్క రోజు లెక్క చూసి కంగారుపడటం, నెలల తరబడి అసలు చూడకపోవడం రెండూ తప్పే. చిన్న యూనిట్ వారానికోసారి పైపైన, నెలకోసారి లోతుగా చూస్తే సరిపోతుంది. గూగుల్‌కు ఫిర్యాదు చేస్తే గత 60 రోజుల క్లిక్కులనే పరిశీలిస్తారు కాబట్టి, నెలవారీ తనిఖీ ఆ గడువుకూ సరిపోతుంది.

నెలవారీ తనిఖీ క్రమం

ముందుగా చూడాల్సింది సెర్చ్ టర్మ్స్ రిపోర్టు: జనం ఏ మాటలు టైపు చేసి ప్రకటన దాకా వచ్చారో అందులో ఉంటుంది. సీఎన్‌సీ మెషినింగ్ ప్రకటనను ‘సీఎన్‌సీ ఆపరేటర్ జాబ్స్ బొమ్మసంద్ర’ అని వెతికినవాళ్లు నొక్కితే అది మోసం కాదు. ఐటీఐ చదివి పని వెతుక్కునే కుర్రాళ్లు ఈ వాడకు రోజూ వస్తూనే ఉంటారు. ‘జాబ్స్’, ‘శాలరీ’, ‘వేకెన్సీ’ వంటి మాటలను నెగెటివ్ కీవర్డ్‌లుగా (ఆ మాటలతో వెతికితే ప్రకటన చూపవద్దని చెప్పే జాబితాలో) చేరిస్తే ఆ ఖర్చు ఆగిపోతుంది. ఇది తీసేశాక మిగిలినదానిలోనే మోసం వెతకాలి.

రెండోది ప్లేస్‌మెంట్ రిపోర్టు. ప్రకటన ఏ యాప్‌లలో, ఏ సైట్లలో కనిపించిందో ఇక్కడ తెలుస్తుంది. టార్చిలైటు యాప్‌లో, పిల్లల ఆటల్లో వందల క్లిక్కులు పడి ఒక్క ఎంక్వైరీ రాకపోతే వాటిని తొలగించాలి. సెర్చ్ కోసం పెట్టిన ప్రకటన డిస్‌ప్లే నెట్‌వర్క్‌లోకి (ఇతర సైట్లు, యాప్‌లలోకి) కూడా వెళ్తోందేమో సెట్టింగుల్లో చూడాలి.

మూడోది వేళ, ఊరు, ఫోన్ రకం వారీగా విడగొట్టిన లెక్క. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య క్లిక్కుల గుంపు, ఒకే పాత బ్రౌజర్ నుంచి వరుస రాకలు, పేజీ తెరుచుకున్న రెండు సెకన్లలో వెళ్లిపోవడం కలిసి కనిపిస్తే అనుమానించాలి. ఊరి విషయంలో జాగ్రత్త అవసరం. మొబైల్ నెట్‌వర్క్‌లో ఐపీ అడ్రస్ చూపించే ఊరు, మనిషి ఉన్న ఊరు ఒకటే కానక్కర్లేదు. పైగా బొమ్మసంద్రకు దగ్గరలోని హోసూరు తమిళనాడులో ఉంది; అక్కడి కార్ఖానాలు ఈ వాడకు సహజమైన ఖాతాదారులు.

నాలుగోది వెబ్ సర్వర్ లాగ్. గూగుల్ ప్రకటన నుంచి వచ్చిన రాక చిరునామా చివర ‘జీక్లిడ్’ (gclid) అనే గుర్తు సాధారణంగా ఉంటుంది. దాని పక్కన సమయం, ఐపీ అడ్రస్, బ్రౌజర్ పేరు నమోదవుతాయి. ఫిర్యాదుకు ఆధారం ఈ వరుసలే.

ఐదోది ఐపీ అడ్రస్‌ల నిషేధ జాబితా. గూగుల్ యాడ్స్‌లో ఒక్కో క్యాంపెయిన్‌కు 500 దాకా అడ్రస్‌లు చేర్చవచ్చు. కానీ మొబైల్ కంపెనీలు ఒకే అడ్రస్‌ను ఎందరో వాడకందారులకు పంచుతాయి, తరచూ మారుస్తాయి. పెద్ద కార్ఖానాలో కొనుగోళ్ల విభాగమంతా ఒకే అడ్రస్ నుంచి బయటికి రావచ్చు. అక్కడి నుంచి వారంలో నాలుగు క్లిక్కులు పడితే అది కొటేషన్ల పోలిక కూడా కావచ్చు. దాన్ని నిషేధిస్తే పెద్ద ఆర్డరే చేజారుతుంది. పాత అడ్రస్‌లను నెలనెలా తీసేయాలి. సొంత ఆఫీసు అడ్రస్‌ను మాత్రం తప్పక చేర్చాలి. సిబ్బంది తమ ప్రకటన వస్తోందా అని వెతికి నొక్కడం మామూలే.

ఆరోది బిల్లు. రిపోర్టులోని చెల్లని క్లిక్కుల కాలమ్‌లో అంకె ఒక్కసారిగా పెరిగిందా, జమ ఎంత వచ్చిందన్నది ప్రతి నెలా రాసిపెట్టుకోవాలి.

రక్షణ సాఫ్ట్‌వేర్‌కూ తనిఖీ

దొంగ క్లిక్కులను ఆపుతామని సాఫ్ట్‌వేర్లు అమ్మే సంస్థలు ఎన్నో ఉన్నాయి. ఇన్ని క్లిక్కులు ఆపామని అవి పంపే నివేదిక రుజువు కాదు. ఆపినవాటిలో నిజమైన కొనుగోలుదారులు ఎందరో ఆ అంకె చెప్పదు. ఒకే రకమైన రెండు క్యాంపెయిన్లు నడిపి, ఒకదానికే రక్షణ పెట్టి, ఎంక్వైరీకి ఎంత ఖర్చయిందో పోల్చాలి. తేడా లేకపోతే ఆ చందా దండగ.

ఇతరుల కంప్యూటర్లను అనుమతి లేకుండా వాడుకుని నొక్కించడం భారతదేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43, 66 సెక్షన్ల కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయితే నొక్కినవాడు వేరే దేశంలో ఉంటే కేసు నడపడం చిన్న యూనిట్ తరం కాదు. డబ్బు కాపాడుకోవడానికి దాని చేతిలో ఉన్న గట్టి సాధనం నెలకోసారి చేసే తనిఖీయే. క్లిక్కును, ఎంక్వైరీ ఫారాన్ని కూడా యంత్రంతో నకలు చేయవచ్చు. అడ్వాన్సు కట్టిన ఆర్డరును ఎవరూ నకలు చేయలేరు. అందుకే ప్రకటన ఖర్చును చివరికి వచ్చిన ఆర్డర్లతోనే సరిచూసుకోవాలి.