విత్తనం రైతు చేతిలో నిలవాలి: మాండవి సీమలో బీజ సంరక్షణ ఆవశ్యకత

సేద్యానికి మూలం విత్తనం. నేల, నీరు, ఎరువు ఎంత సమృద్ధిగా ఉన్నా విత్తనం మంచిది కాకపోతే రైతు శ్రమ వృథా అవుతుంది. రోహిణి కార్తె వచ్చేసరికి ఏ విత్తనం కొనాలి, ఎవరి వద్ద కొనాలి అన్న చింత మన సరిహద్దు గ్రామాలలో ప్రతి ఇంటా కనిపిస్తున్నది. ఒకప్పుడు ఈ చింత ఇంతగా లేదు. విత్తనం ఇంటి గాదెలోనే ఉండేది. అది అంగడి సరుకుగా ఎట్లా మారింది, అందువల్ల మనం పోగొట్టుకున్నదేమిటి, తిరిగి నిలుపుకొనగలిగినదేమిటి అన్నది ఈ వ్యాసంలో వివరించడమైనది.

నాందేడ్ జిల్లాలోని మాండవి గ్రామం కిన్వట్ తాలూకాలో ఉన్నది. 1956 వరకు కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ జిల్లాలో అంతర్భాగం. ఆ సంవత్సరం జరిగిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో అది నాటి బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 నుంచి మహారాష్ట్రలో ఉన్నది. ఎల్లలు మారినా నేల స్వభావం మారలేదు. ఇటు పండే పత్తి, జొన్న, కంది, సోయాబీన్ అటు ఆదిలాబాద్‌లోనూ పండుతాయి. తెలుగువారు, మరాఠీలు, గోండులు, కోలాములు, బంజారాలు కలిసి నివసించే ఈ సీమలో ఒకే గింజకు మూడు నాలుగు భాషలలో పేర్లున్నాయి.

గావరాణి నుంచి బీటీ దాకా

ప్రపంచంలో సాగయ్యే పత్తి జాతులు నాలుగు. వాటిలో రెండు మన పాత ప్రపంచపు దేశవాళీ జాతులు. రెండు అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. నిజాం కాలంలో నాందేడ్ ప్రాంతం గావరాణి అనే దేశవాళీ పత్తికి ప్రసిద్ధి. దేశవాళీ పత్తి సాధారణంగా వేరు లోతుగా పోయి బెట్టను తట్టుకుంటుంది. రసం పీల్చే పురుగుల బాధ దీనికి తక్కువ. పింజ పొట్టిగా ఉండుట, కాయ చిన్నదగుట దీని లోపాలు. పొడవు పింజ కోరే మిల్లుల అవసరాల వలన అమెరికన్ రకాలు విస్తరించాయి.

1970లో గుజరాత్‌లోని సూరత్‌లో శాస్త్రవేత్త సి.టి.పటేల్ హెచ్-4 అనే సంకర పత్తిని రూపొందించారు. వాణిజ్య స్థాయిలో సాగైన తొలి సంకర పత్తి ఇదే. 1980ల దశకంలో నాందేడ్ పత్తి పరిశోధన కేంద్రం నుంచి ఎన్‌హెచ్‌హెచ్-44 వచ్చింది. ప్రభుత్వ రంగంలో పుట్టిన ఆ సంకరం మరాఠ్వాడా రైతుల ఆదరణ పొందింది. 2002లో బీటీ పత్తికి కేంద్రం అనుమతి ఇచ్చిన పిదప పరిస్థితి వేగంగా మారింది. బీటీ జన్యువు ప్రైవేటు కంపెనీల సంకరాలలోనే లభించుటచే, కొద్ది సంవత్సరాలలో దేశంలోని పత్తి విస్తీర్ణంలో తొమ్మిది పాళ్లకు పైగా అవే ఆక్రమించాయి.

తొలి ఏళ్లలో శనగపచ్చ పురుగు బెడద తగ్గిన మాట వాస్తవం. కాని గులాబీ రంగు పురుగు క్రమంగా ఆ విషానికి అలవాటుపడింది. 2017లో మహారాష్ట్ర పత్తి రైతులు దాని వలన తీవ్రంగా నష్టపోయారు. విస్తారమైన భూమిలో ఒకే రకమైన రక్షణపై ఆధారపడినప్పుడు, పురుగు ఆ ఒక్క రక్షణను ఛేదిస్తే చాలు, సీమంతా నష్టపోతుంది. పంటలలో వైవిధ్యం ఎందుకు కావాలో తెలుపుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

వైవిధ్యం ఏమి మేలు చేస్తుంది?

దేశవాళీ విత్తనం ఒక్క మూసలో ఉండదు. ఒక చేనులోనే కొన్ని మొక్కలు ముందు పూస్తాయి, కొన్ని ఆలస్యంగా పూస్తాయి. కొన్నింటికి తెగులు సోకుతుంది, కొన్నింటికి సోకదు. ఈ భేదాలే కొత్త రకాలకు ముడిసరుకు. రబీ జొన్నలో నేటికీ పేరున్న మాల్దండి (ఎం 35-1) ఇందుకు ఉదాహరణ. 1930ల దశకంలో సోలాపూర్ ప్రాంతపు స్థానిక జొన్న నుంచి మేలైన మొక్కలను ఏరి దానిని తీశారు. ఎండు తెగులును తట్టుకునే మారుతి కంది (ఐసీపీ 8863) కూడా మహారాష్ట్ర నుంచి సేకరించిన కంది నమూనా నుంచి ఏరివేత ద్వారా వచ్చినదే. ఆ నమూనాను ఎవరూ కాపాడకపోయి ఉంటే ఆ రకమూ ఉండేది కాదు.

ఈ కారణం చేతనే ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంస్థలు విత్తన నిధులను నెలకొల్పాయి. ఢిల్లీలోని జాతీయ జన్యు నిధిలో విత్తనాలను సున్నాకు దిగువన 18 డిగ్రీల సెల్సియస్ చలిలో భద్రపరుస్తారు. హైదరాబాద్ సమీపాన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షకు మించి ఉన్నాయి. ఇథియోపియా, కెన్యా వంటి దేశాలకు వారి పంటల నమూనాలను ఈ నిధి తిరిగి అందజేసింది. 2008లో నార్వేలోని స్వాల్బార్డ్‌లో మంచు కొండ గర్భంలో మరొక ప్రపంచ నిధి ప్రారంభమైనది.

అయితే చలిగదిలోని విత్తనం నిద్రించే విత్తనం. మారుతున్న వానలకు, కొత్త తెగుళ్లకు అది అలవాటుపడవలెనంటే చేనులో ఏటేటా మొలవాలి. ఆ పని రైతు ఒక్కడే చేయగలడు. జహీరాబాద్ సమీపాన పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ పనిని దశాబ్దాలుగా చేసి చూపుతున్నాయి. గ్రామంలోనే విత్తనాలు నిల్వచేసి, అవసరమైనవారికి ఇచ్చి, పంట చేతికి వచ్చాక అంతకు మించి తిరిగి తీసుకుంటారు. మన పల్లెల్లో పూర్వం నడిచిన నాగు పద్ధతి వంటిదే ఇది. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఏ విత్తనం దాచుకోవచ్చు?

సంకర విత్తనపు పంట నుంచి గింజ తీసి మళ్లీ విత్తితే గుణాలు విడిపోతాయి. చేను సమంగా రాదు. కాబట్టి సంకర పత్తి విత్తనం దాచుట నిష్ప్రయోజనం. సూటి రకాల విషయం వేరు. సోయాబీన్ స్వపరాగ సంపర్కపు పంట. మంచి రకం విత్తనం ఒకసారి కొంటే రెండు మూడేళ్లు సొంత విత్తనమే వాడుకోవచ్చు. 2020 ఖరీఫ్‌లో కొన్న సోయా విత్తనం మొలవలేదని మహారాష్ట్ర అంతటా ఫిర్యాదులు వచ్చిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సోయా గింజ తోలు పలుచన. నూర్పిడి యంత్రం వేగంగా తిరిగినా, బస్తాలు ఎత్తి పడవేసినా లోని మొలక దెబ్బతింటుంది. కందిలో తేనెటీగల వలన పరపరాగ సంపర్కం జరుగుతుంది కనుక ఇతర రకాల చేలకు దూరంగా, చేను నడిమి మొక్కల నుంచి విత్తనం తీయాలి. సూటి రకం పత్తికి ధ్రువీకరణ విత్తనం కొరకు 30 మీటర్ల ఎడం విధించారు.

విత్తనానికి తేమ, వేడి ప్రధాన శత్రువులు. గింజలో తేమ ఒక శాతం తగ్గినప్పుడల్లా, నిల్వచేసిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గినప్పుడల్లా విత్తనపు ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్నది శాస్త్రజ్ఞుల స్థూల సూత్రం. పెద్దలు గింజను బాగా ఆరబెట్టి, బూడిద, వేపాకు కలిపి, మట్టి మెత్తిన బుట్టలో మూసి ఉంచుటలోని మర్మం ఇదే. విత్తే ముందు 100 గింజలు తడి గోనె సంచిలో చుట్టి మొలక చూడాలి. ధ్రువీకరణ ప్రమాణం ప్రకారం జొన్న, కందులలో 75, సోయాబీన్‌లో 70, పత్తిలో 65 మొలవాలి. తక్కువ మొలిస్తే మోతాదు పెంచవచ్చు; మరీ తక్కువైతే ఆ విత్తనం విడిచిపెట్టుట మేలు.

చట్టం ఏమంటున్నది?

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలోని 39వ సెక్షన్ రైతుకు విత్తనం దాచుకొనుటకు, తిరిగి విత్తుటకు, మార్చుకొనుటకు, అమ్ముకొనుటకు హక్కు ఇచ్చింది. రక్షిత రకాన్ని బ్రాండు పేరుతో సంచిలో కట్టి అమ్మరాదన్నది ఒక్కటే నియమం. నమోదైన రకం, చెప్పిన ఫలితం ఇవ్వకపోతే నష్టపరిహారం కోరే అవకాశమూ ఉన్నది. అందుకే రసీదు, సంచి, కొద్దిపాటి విత్తనం పంట ముగిసేదాకా దాచాలి. రసీదు లేకుండా చాటుగా అమ్మే, గడ్డిమందు తట్టుకుంటుందని చెప్పే అనుమతి లేని పత్తి విత్తనం కొన్న రైతుకు పంట పోతే అడిగే దిక్కు ఉండదు. సరిహద్దు దాటి వచ్చే సరుకు విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల స్థాయిలో జీవవైవిధ్య కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. తమ ఊరి జొన్న, కంది, నువ్వు, పెసర, కూరగాయల పాత రకాలు ఎవరి ఇంట ఉన్నవో, వాటి గుణమేమిటో అందులో రాయించుట గ్రామస్థుల బాధ్యత. వృద్ధ స్త్రీల జ్ఞాపకంలో ఉన్న పేర్లు వారితోనే పోకముందే ఈ పని జరగాలి.

పత్తికి సంకర విత్తనం కొనక తప్పదనుకొన్నా, ప్రతి రైతు కంది, జొన్న, పెసరలలో ఏదో ఒక్క పాత రకానికైనా ఒక గుంట నేల కేటాయించవచ్చు. పది ఇళ్లవారు పది రకాలు కాపాడితే అదే ఆ ఊరి బీజ నిధి. అందుకు పెద్ద భవనమూ, శీతల యంత్రమూ అక్కరలేదు. ఈ ఏటి పంటలో మేలైన కంకులను కోతకు ముందే గుర్తించి వేరుగా దాచుటతో ఆ నిధికి శ్రీకారం చుట్టవచ్చు.